ఫోన్‌తో అబ్‌స్ట్రాక్ట్ ఫోటోలు, వాటితోనే డిజిటల్ కొలాజ్: తీసే దగ్గర నుంచి 12×18 ప్రింటు దాకా ఎలా?

ఆమదాలవలస_డ్రాయింగ్_టీచర్ (ప్రశ్న)

నమస్కారమండి. హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. సొంతంగా ఒక సిరీస్ చేస్తున్నాను. శ్రీకాకుళం జిల్లాలో చేతికి తగిలే వస్తువుల పైపొరలు మాత్రమే అందులో ఉండాలి: పొందూరు నూలు, బుడితి ఇత్తడి, కళింగపట్నం ఇసుక, పడవల మీద ఊడిపోతున్న రంగు. వాటిని దగ్గరగా ఫోటో తీసి, ఆ ఫోటోలనే కోసి కొలాజ్‌గా కూర్చాలి. మొత్తం 12 బొమ్మలు, ఒక్కోటి 12×18 అంగుళాలు. నెట్‌లోంచి దించిన బొమ్మ ఒక్కటీ వాడను.

ఉన్న సరంజామా: 50 మెగాపిక్సెల్ ఫోను (మామూలుగా 12.5 మెగాపిక్సెల్ ఫైలు ఇస్తుంది, ప్రో మోడ్ ఉంది), 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, అందులో జింప్ (ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్).

సందేహాలు ఇవీ. దగ్గరగా తీసినా చూసినవాళ్లు వెంటనే “పడవ”, “బిందె” అని పేరు చెప్పేస్తున్నారు, రంగూ గీతా చూడటం లేదు. దీన్ని ఎలా దాటాలి? ఫోను కదిలిస్తూ తీసే పద్ధతి పగటిపూట ఎందుకు తెల్లగా తేలిపోతోంది? కొలాజ్‌లో మూడు నాలుగు ఫోటోలు ఒకదానిమీద ఒకటి వేస్తే బురదగా మారుతోంది, లేకపోతే పెళ్లి ఫ్లెక్సీలా కనిపిస్తోంది. ప్రింటు తెర మీద కన్నా చీకటిగా వస్తోంది. ఇందులో ఏ భాగాన్ని 9వ తరగతి పిల్లలతో క్లాసులో చేయించవచ్చో కూడా చెబితే మేలు.

వంశధార_గట్టు

టీచర్‌గారూ, చూసినవాళ్లు పేరు చెప్పేస్తున్నారంటే ఫ్రేములో కొలత తెలిపేది ఏదో మిగిలిపోయిందన్నమాట. మేకు తల, తాడు ముడి, గవ్వ, అడుగు జాడ, వస్తువు అంచు. అక్షరాలైతే మరీను. పడవ పేరులో సగం తెగిన ఒక్క అక్షరం కనిపించినా కన్ను చదవడానికే పోతుంది, రంగు దగ్గర ఆగదు. నొక్కేముందు నాలుగు మూలలూ చూడండి. వస్తువు అంచు, ఆకాశం, నేల, ఈ మూడూ లోపలికి రాకుండా చూసుకుంటే సగం పని అయిపోతుంది. పడవల దగ్గర ముందుగా ఆ పడవ వాళ్లను అడిగి తీయండి. ఎండ నేరుగా పడే వైపు కాకుండా నీడ వైపు తీస్తే ఊడిన పొరల కింది పాత రంగులు కూడా తేటగా వస్తాయి.

ఇసుక గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, మన తీరానికి దక్కిన మంచి సరుకు అది. మామూలు తెల్ల ఇసుకతో పాటు ఇక్కడ నల్లటి ఇల్మెనైట్, ఎర్రటి గార్నెట్ రేణువులు ఉంటాయి. ఇవి బరువైనవి. అల వెనక్కి పోతూ తేలికైన తెల్ల రేణువుల్ని లాక్కుపోతుంది, నల్లవీ ఎర్రవీ చారలుగా మిగిలిపోతాయి. గవ్వో రాయో అడ్డుంటే దాని వెనక చార రెండుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర నుంచి ఒక జానెడు అవతల తీయండి, కారణమైన రాయి బయట ఉండిపోవాలి. అప్పుడే అది నదీ పాయలా, జుట్టా, పొగా అన్నది తేలకుండా ఉంటుంది.

వెలుగు: మన దగ్గర సూర్యుడు సముద్రం మీంచి లేస్తాడు. ఉత్తరం వైపో దక్షిణం వైపో తిరిగి నిలబడితే వెలుగు పక్క నుంచి నేల బారున వస్తుంది, మీ నీడ పడమటికి పోయి ఫ్రేములో పడదు. పొద్దు పొడిచిన తర్వాత ఒక గంట లోపు పని ముగించాలి. ఎండ నిటారుగా ఎక్కితే చారల గట్లకు నీడ పోయి అంతా చదునుగా వస్తుంది. అల అప్పుడే పోయిన తడి మీద తీయొద్దు, ఆకాశం ప్రతిఫలించి నీలి జీర పడుతుంది. మెరుపు ఇంకిపోయి తడి మాత్రం మిగిలిన కొద్ది నిమిషాలే సరైన అదను. నలుపు అప్పుడే చిక్కగా ఉంటుంది.

ఫోను నేలకు సమాంతరంగా, 40 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో పట్టండి. గ్రిడ్ ఆన్ చేసి కిందికి తిప్పితే చాలా ఫోన్లలో రెండు చిన్న ప్లస్ గుర్తులు కనిపిస్తాయి, అవి ఒకదానిమీద ఒకటి కలిస్తే వంకర లేనట్టు. వంకరుంటే ఒక వైపు రేణువులు పెద్దవిగా, ఇంకోవైపు చిన్నవిగా వచ్చి ‘ఇది నేల’ అని పట్టించేస్తాయి. ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే మోతాదు) 50 లేదా 100. వైట్ బ్యాలెన్స్ 5200–5500 కెల్విన్ మధ్య ఒకచోట ఆపేయండి. ఆటోలో వదిలితే ఒక్కో ఫ్రేము ఒక్కో జీరలో వస్తుంది. విడిగా చూస్తే తెలియదు, కొలాజ్‌లో పక్కపక్కన పెట్టాక అతుకు బయటపడుతుంది. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7కి దించండి, లేకపోతే ఫోను నల్ల ఇసుకను బూడిద రంగు చేసేస్తుంది. డీఎన్‌జీ ఫైలు (ఫోను దిద్దని ముడి ఫోటో) కూడా దాచుకోండి. జేపెగ్‌లో ఫోను సొంతంగా పదును పెంచి ప్రతి రేణువు చుట్టూ తెల్ల అంచు గీస్తుంది.

ఫోనులో విడిగా ‘మ్యాక్రో’ అని 2 మెగాపిక్సెల్ కెమెరా ఉంటే దాని జోలికి పోవద్దు, 12×18కి అది చాలదు. 12.5 మెగాపిక్సెల్ ఫైలు పొడుగు సుమారు 4080 పిక్సెల్స్. 18 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 226 వస్తాయి, అది బాగానే సరిపోతుంది. అందులో సగం కోసి అదే సైజుకు సాగదీస్తే 113కి పడిపోయి మెత్తబడుతుంది. కాబట్టి కోత తీసేటప్పుడే వేయండి, తర్వాత కాదు.

బుడితి ఇత్తడికి పోలరైజర్ ఫిల్టర్ కొనకండి. నీటి మీదా గాజు మీదా మెరుపును అది తగ్గిస్తుంది గానీ, లోహం మీద మెరుపుకు దాదాపు పనిచేయదు. బదులుగా ట్రేసింగ్ కాగితం చాలు. బిందెకు రెండు వైపులా నిలబెట్టి, వెలుగు కాగితం లోంచి వచ్చేలా చేయండి. నల్ల చార్టులో లెన్సు పట్టేంత కన్నం పెట్టి అందులోంచి తీస్తే ఫోనూ చేతులూ ఇత్తడిలో కనిపించవు. పైగా ఆ నలుపు సుత్తి దెబ్బల గుంటల్లో సన్న గీతలుగా చేరి ఆకారం ఇస్తుంది. తోమని పాత బిందె అయితే ఇంకా మంచిది, చిలుము పచ్చదనం ఏ రంగు డబ్బాలోనూ దొరకదు.

ఇక కదిలిస్తూ తీయడం. ఫోను లెన్సు ఎపర్చర్ (వెలుగు వచ్చే కన్నం) మారదు, చాలావాటిలో ఎఫ్/1.8 దగ్గరే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 50కి సరిపడే షట్టర్ సుమారు 1/4000 సెకను. మీకు కావలసింది 1/8. అంటే 500 రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి పోతోంది, తెల్లబడక ఏమవుతుంది? 9 స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును తొమ్మిది సార్లు సగానికి సగం తగ్గించే నల్లద్దం) ఒక దారి. ఖర్చు లేని దారి, పొద్దు గుంకాక 15–20 నిమిషాలు ఆగి తీయడం. తాటి చెట్ల వరసకు ఫోనును నిలువుగా, అలలకు అడ్డంగా, చెట్టు గీత ఎటుంటే అటే కదపండి. కదలిక ముందే మొదలుపెట్టి మధ్యలో నొక్కాలి. నొక్కి కదిపితే మొదట్లో ఒక స్థిరమైన బొమ్మ అచ్చుపడి దాని తోక మాత్రమే సాగుతుంది.

నూలుపోగు

పై జవాబులో నూలు మాట రాలేదు కాబట్టి చేరుస్తున్నాను. పొందూరు నేత సన్నం, 100 కౌంటు నూలుతో కూడా నేస్తారు. కెమెరా పిక్సెల్స్ వరసా పోగుల వరసా దగ్గర దగ్గరగా పడితే గుడ్డలో లేని అలలు ఫోటోలో వస్తాయి, అదే మోయిరే. తెర మీద చిన్నదిగా చూసినప్పుడు మాత్రమే వచ్చేది ఒక రకం, ఫైల్లోనే ఉండేది ఇంకో రకం. 100 శాతం జూమ్‌లో చూస్తేనే తేడా తెలుస్తుంది. ఫైల్లోనే ఉంటే ఎడిటింగులో పూర్తిగా పోదు. తీసేటప్పుడే ఫోనును 10–15 డిగ్రీలు తిప్పండి, లేదా 5 సెంటీమీటర్లు ముందుకు జరిగి ఒక్కో పోగుకు ఎక్కువ పిక్సెల్స్ వచ్చేలా చూడండి.

వెలుగు రెండు రకాలుగా పెట్టవచ్చు. పక్కనుంచి నేల బారుగా వేస్తే పోగుల లావూ సన్నమూ కనిపిస్తాయి, చేత్తో వడికిన నూలుకు అదే అందం. కిటికీకి అడ్డంగా కట్టి వెనక వెలుగుతో తీస్తే గుడ్డ గుడ్డలా ఉండదు, గీతల వల మాత్రమే మిగులుతుంది. మడత రెండు పొరలుగా పడిన చోట ముదురు పట్టీ వస్తుంది, కొలాజ్‌కి అది చాలా పనికొస్తుంది.

నేసిన బట్ట దగ్గరే ఆగిపోకండి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. దువ్విన దూది పొర, ఏకులు, వాటిని చుట్టి ఉంచే ఎండు అరటి దొప్ప, ఇవన్నీ దగ్గరగా చూస్తే బట్ట కన్నా మంచి అబ్‌స్ట్రాక్ట్ సరుకు. తెల్ల దూదికి ఎక్స్‌పోజర్ ప్లస్ 0.7 పెట్టండి, ఇసుకకు చెప్పినదానికి ఇది తలకిందులు.

రంగులపెట్టె_బొబ్బిలి

పిల్లల సంగతి నేను చెబుతాను. 9వ తరగతికి బీచ్ అక్కర్లేదు, గదిలోనే రెండు మూడు మంచి పద్ధతులున్నాయి.

అన్నిటికన్నా పిల్లలకు ఊపిరి ఆగిపోయేది పోలరైజ్డ్ వెలుగు ప్రయోగం. కావలసినవి: ఎల్‌సీడీ తెర (బడిలో ఐఎఫ్‌పీ ప్యానెల్, అంటే గోడకు బిగించే పెద్ద టచ్ తెర, ఉంటే అదే), పోలరైజ్డ్ కళ్లద్దాలో ఫిల్టరో ఒకటి, ఫోటో ఫ్రేములోంచి తీసిన గాజు పలక, పారదర్శకమైన సెలోటేపు. ముందు పరీక్ష: తెర మీద తెల్ల పేజీ పెట్టి, కళ్లద్దాన్ని కన్ను ముందు మెల్లగా తిప్పండి. ఒకచోట తెర నల్లబడితే అది పనికొస్తుంది. నల్లబడకపోతే ఆ తెరతో కాదు, ఇంకో మానిటర్ చూడండి.

గాజు మీద టేపు ముక్కలు అడ్డదిడ్డంగా అంటించమనండి. ఒకచోట ఒక పొర, ఇంకోచోట మూడు, ఇంకోచోట ఆరు. దాన్ని తెరకు కనీసం ఒక అడుగు ముందు పట్టుకోవాలి. మరీ తెరకు ఆనిస్తే తెర పిక్సెల్స్ ఫోకస్‌లోకి వచ్చి గళ్లు పడతాయి. లెన్సు ముందు పోలరైజర్ పెట్టి నేపథ్యం నల్లబడేదాకా తిప్పండి. రంగే లేని టేపు పసుపు, గులాబి, నీలం, ఆకుపచ్చ తునకలుగా వెలుగుతుంది. పొరల సంఖ్యా, అంటించిన దిశా మారితే రంగు మారుతుంది. పోలరైజర్‌ను 90 డిగ్రీలు తిప్పితే నేపథ్యం తెల్లబడి ప్రతి రంగూ దాని ఎదురు రంగుకు తిరుగుతుంది. వర్ణచక్రం పాఠం అక్కడే చెప్పేయవచ్చు. జామెట్రీ బాక్సులోని ప్లాస్టిక్ కోణమానిని పెడితే, అచ్చులో పోసినప్పుడు బిగుసుకున్న చోట్ల రంగుల వలయాలు కనిపిస్తాయి.

తప్పేది ఎక్కడంటే, గాజుకు బదులు ఓహెచ్‌పీ షీట్ వాడినప్పుడు. ఆ షీటే రంగులు పుట్టిస్తుంది, టేపు రంగు దానిలో కలిసి చెడిపోతుంది. రెండోది, అన్ని టేపులూ ఒకేలా పనిచేయవు. గరుకుగా, మసకగా ఉండే టేపు తెల్లగానే ఉండిపోతుంది. షాపులో రెండు మూడు రకాలు తెచ్చి చూడండి. మూడోది, ఫోటోలో నల్ల పట్టీలు పడితే షట్టర్‌ను 1/50 లేదా 1/100కి మార్చండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. తెర మినుకు వేరేగా ఉండొచ్చు, తెర వెలుగును పూర్తిగా పెంచితే చాలాసార్లు ఆ పట్టీలు పోతాయి.

నూనె, నీళ్లు: వెడల్పాటి గాజు గిన్నెను రెండు గ్లాసుల మీద నిలబెట్టండి, కింద 15 సెంటీమీటర్ల దూరంలో రంగు చీర ముక్కో చార్టో పరవండి. గిన్నెలో 2 సెంటీమీటర్ల నీళ్లు, ఒక చెంచా రిఫైన్డ్ నూనె, గిన్నెలు తోమే లిక్విడ్ ఒకే ఒక్క చుక్క. రెండు చుక్కలేసి గిలకొడితే పాలలా తెల్లబడుతుంది, పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే. వెలుగు కింది గుడ్డ మీద పడాలి. గిన్నె మీద పడితే బల్బు బొమ్మ ప్రతి బుడగలోనూ కనిపిస్తుంది. ఫోకస్ బుడగ అంచు మీద నొక్కి లాక్ చేయండి, వదిలేస్తే ఫోను పోయి గుడ్డ మీద పడుతుంది.

ఇంకొకటి, దీనికి చరిత్ర కూడా ఉంది. ఆల్విన్ లాంగ్డన్ కోబర్న్ 1917లో మూడు అద్దాల్ని త్రిభుజంగా బిగించి, దానిలోంచి తీసిన ఫోటోలకు వోర్టోగ్రాఫ్‌లని పేరు. ఫోటోగ్రఫీలో పూర్తి అబ్‌స్ట్రాక్ట్‌కు తొలి ప్రయత్నాల్లో ఒకటి. మన పిల్లలకు 4×15 సెంటీమీటర్ల అక్రిలిక్ అద్దం పట్టీలు మూడు కోయించి, మెరిసే వైపు లోపలికి పెట్టి టేపు చుట్టండి. గాజు అద్దం వద్దు, చేతులు కోసుకుంటాయి. ఫోనులో 2 ఎక్స్ పెట్టకపోతే పట్టీల అంచులు ఫ్రేములోకి వచ్చేస్తాయి. దాని ఎదురుగా, మా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చెక్కేచోట దొరికే పనస చెక్క పొట్టు పెట్టి చూడండి, ఆ పసుపు వంపులు అద్దాల్లో ఎంత బాగుంటాయో.

కత్తెర_జిగురు

కొలాజ్ బురదగా మారడానికి కారణం లెక్కలోనే ఉంది. మల్టిప్లై (లేయర్లను కలిపే ఒక బ్లెండ్ మోడ్) అంటే రెండు లేయర్ల విలువల్ని (నలుపు 0, తెలుపు 255) గుణించి 255తో భాగించడం. మధ్యస్థం 128 మీద మధ్యస్థం 128 వేస్తే 64 వస్తుంది, మూడోది వేస్తే 32. అది దాదాపు నలుపే. మీ ఇసుక, ఇత్తడి, పడవ రంగు అన్నీ మధ్యస్థ ఛాయలే, కాబట్టి మూడు పొరలకే గుంటలో పడతాయి. మల్టిప్లై వేయాలంటే పైనున్న ఫోటో ఎక్కువ భాగం తెలుపు కావాలి, వెనక వెలుగుతో తీసిన నూలు లాంటిది. స్క్రీన్ మోడ్‌కి ఎక్కువ భాగం నలుపు ఉన్నది కావాలి, పోలరైజర్ టేపు ఫోటో అందుకు అచ్చంగా సరిపోతుంది. మిగతా వాటికి బ్లెండ్ మోడ్‌లు మానేసి నార్మల్‌లోనే ఉంచి అంచుతో పని చేయండి. కొలాజ్ అంటే కోతే. పొగమంచులా ఒకదాంట్లో ఒకటి కలిపేస్తే కోసినట్టే ఉండదు, ఫ్లెక్సీ వాసన అక్కడి నుంచే వస్తుంది. దానికి తోడు డ్రాప్ షాడో, గ్లో, బెవెల్. ఈ మూడూ ఈ సిరీస్‌లో ముట్టుకోకండి.

నా సలహా, ముందు కాగితం మీద చేయండి. ఫోటోల్ని 4×6 సైజులో మామూలు 80 జీఎస్ఎం కాగితం మీద లేజర్ ప్రింటు తీయించండి. ఫోటో పేపర్ వద్దు, అందులో ప్లాస్టిక్ పొర ఉంటుంది, చింపితే సాగుతూ చిరుగుతుంది. ఇంక్‌జెట్ అయితే జిగురు తడికి రంగు కారుతుంది. చేత్తో చింపితే ఒక ముక్కకు తెల్లటి నారంచు, రెండో ముక్కకు రంగంచు వస్తాయి. ఆ తెల్ల గీత ఎక్కడ కావాలో చూసుకుని ఎటువైపు లాగాలో నిర్ణయించుకోండి. ఏ3 చార్టు మీద జిగురు లేకుండా జరుపుతూ, ప్రతి అమరికనూ ఫోనుతో తీసి పెట్టుకోండి. నచ్చింది తేలాక ఆ చిరుగు అంచుల్ని 600 డీపీఐలో స్కాన్ చేసి, వాటినే మాస్కులుగా (ఫోటోలో ఏ భాగం కనిపించాలో తేల్చే ముసుగులుగా) వాడి అసలు ఫోటోలతో జింప్‌లో మళ్లీ కట్టండి. కాగితం చిరుగూ ఫోటో నాణ్యతా రెండూ దక్కుతాయి. పిల్లలతో అయితే కాగితం దగ్గరే ఆపేయండి, చాలు.

జింప్‌లో కాన్వాస్ 3600×5400 పిక్సెల్స్, 300 పీపీఐ. ఎరేజర్ వాడొద్దు, ప్రతి ముక్కకూ లేయర్ మాస్క్. చెరిపింది తిరిగి రాదు, మాస్క్ ఎప్పుడైనా మారుతుంది. జింప్ 3.0 నుంచి ఫిల్టర్లను కూడా లేయర్‌కు తగిలించి తర్వాత మార్చుకోవచ్చు. పాతది 2.10 ఉంటే మార్చేయండి.

ముక్కను పదే పదే తిప్పకండి, సైజు పెంచి తగ్గించకండి. ప్రతిసారీ పిక్సెల్స్ మళ్లీ లెక్కకట్టి మెత్తబడతాయి. ఒక్కసారే ఎంత తిప్పాలో తేల్చుకుని తిప్పండి. వెలుగు దిక్కు కూడా చూసుకోవాలి. ఇసుక చారలకు ఎడమ నుంచి, పడవ పెచ్చులకు కుడి నుంచి వెలుగుంటే పక్కపక్కన పెట్టినప్పుడు ఒకటి గుంటలా, ఇంకొకటి గట్టులా కనిపించి కన్ను తికమకపడుతుంది. కావాలని చేస్తే అది కూడా ఒక ఎత్తుగడే.

ఒక్కో బొమ్మకు ఒక నియమం పెట్టుకోండి: రెండు వస్తువులు, ఒక ముఖ్య రంగు, ఒకే రకం అంచు. నాలుగు వస్తువులూ ఒకే బొమ్మలో వేయాలనుకుంటేనే జిల్లా పర్యాటక పోస్టరు తయారవుతుంది. పని మధ్యలో బొమ్మను నలుపు తెలుపు చేసి, తెర మీద అగ్గిపెట్టెంత చేసి చూడండి. అంతలో కూడా చీకటి, మధ్యస్థం, వెలుగు మూడు దిమ్మెలుగా విడివడి కనిపిస్తే అమరిక నిలబడ్డట్టే. చివరగా అన్నిటి మీదా ఒక సన్నని గ్రెయిన్ లేయర్ వేయండి. ఇసుక ఫోటోలో ఉన్న నాయిస్ ఇత్తడి ఫోటోలో ఉండదు, ఆ తేడాను గ్రెయిన్ కప్పుతుంది.

ఆమదాలవలస_డ్రాయింగ్_టీచర్

అందరికీ చాలా థాంక్స్ అండి. ఇసుక చీలిక దగ్గర రాయిని బయట పెట్టమన్న మాట నేరుగా పనికొస్తుంది. రెండు చిన్న ప్రశ్నలు. కోసిన ముక్కల చుట్టూ సన్నటి లేత అంచు మిగులుతోంది, అది ఎలా పోతుంది? 14 లేయర్లు దాటాక జింప్ ఆగి ఆగి నడుస్తోంది. ఫోటోలు డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్‌లో డీఎన్‌జీ తెరిచి అక్కడి నుంచి తెస్తున్నాను.

కత్తెర_జిగురు

లేత అంచు పాత నేపథ్యం రంగు. సెలక్షన్‌ను మాస్క్ చేసేముందు 1 లేదా 2 పిక్సెల్స్ ష్రింక్ చేసి (లోపలికి కుదించి), ఫెదర్ (అంచు మెత్తదనం) 0.5–1 ఇవ్వండి. ఫెదర్ 5, 10 ఇస్తే మళ్లీ ఆ పొగమంచే వస్తుంది. చిరుగు మాస్క్ అయితే లెవెల్స్‌లో నలుపును కొంచెం లోపలికి జరిపితే చాలు.

నిదానానికి కారణం డార్క్‌టేబులే అయ్యుంటుంది. అక్కడి నుంచి ఫైలు 32 బిట్‌లో వస్తే జింప్ అలాగే తెరుస్తుంది. 3600×5400 లేయర్ ఒకటి 8 బిట్‌లో సుమారు 78 ఎంబీ, 32 బిట్‌లో 311 ఎంబీ. 14 లేయర్లకు 4 జీబీ దాటుతుంది, మీ ర్యామ్ 8. ఇమేజ్ మెనూలో ప్రెసిషన్‌ను 8 బిట్‌కు దించండి. ఛాయల సవరణ డార్క్‌టేబుల్‌లోనే అయిపోయింది కాబట్టి నష్టం ఉండదు. ఆకాశం లాంటి మెత్తని ఛాయల్లో మెట్లు కనిపిస్తే ఆ బొమ్మ వరకు 16 బిట్ పెట్టుకోండి. కాన్వాస్ బయటికి పొంగిన లేయర్లను కూడా కాన్వాస్ కొలతకు కోసేయండి, కనిపించకపోయినా అవి ర్యామ్ తింటూనే ఉంటాయి.

ప్రింటింగ్_విజయనగరం

ప్రింటు చీకటిగా రావడం గురించి. తెర తానే వెలుగుతుంది, కాగితం వెలగదు. ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్ నిండా పెట్టి, అదీ రాత్రి గదిలో సరిచేస్తే ఎవరికైనా చీకటి ప్రింటే వస్తుంది. పగలు కిటికీ పక్కన కూర్చుని, తెల్ల కాగితం తెర పక్కన పెట్టి, రెండూ ఒకే తెలుపుగా కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. తర్వాతే లెవెల్స్ ముట్టుకోండి. నైట్ లైట్ లాంటివి ఆపేయాలి.

ఎక్కడ ప్రింటు తీయిస్తున్నారన్నది రెండో సంగతి. ఫ్లెక్సీ మిషను మీద ఈ పని వద్దు. దూరం నుంచి చూసే బోర్డుకది, ఇసుక రేణువు దానిలో చుక్కగా మారిపోతుంది. రెండు దారులున్నాయి: ఫోటో ల్యాబ్‌లో 12×18 మ్యాట్ పేపర్, లేదా డిజిటల్ ప్రెస్‌లో 13×19 షీటు మీద 300 జీఎస్ఎం. పడవ నీలాలు, చిలుము పచ్చలు ఫోటో పేపర్ మీదే బాగా వస్తాయి. ప్రెస్‌లో నాలుగు సిరాల సీఎంవైకేకు మారగానే అలాంటి ముదురు నీలం, మెరిసే పచ్చ చప్పబడతాయి. అది మిషను లోపం కాదు, ఆ నాలుగు సిరాలకు అందే రంగులంతే. ఇసుక, నూలు బొమ్మలకు మాత్రం ప్రెస్ షీటే నయం, కాగితం గరుకు వాటికి కలిసొస్తుంది.

ఫైలు ఎస్‌ఆర్‌జీబీలో, ఫ్లాట్ చేసిన టిఫ్ లేదా 95 పైన నాణ్యత ఉన్న జేపెగ్. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. కౌంటర్లో ‘ఆటో కరెక్షన్ వేయొద్దు’ అని నోటితో చెప్పడమే కాదు, ఆర్డరు కాగితం మీద రాయించండి. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ప్రతి ఫోటోనూ మనిషి ముఖం ఉన్నట్టే సరిచేస్తుంది, మీ నల్ల ఇసుక బూడిదవుతుంది.

12 బొమ్మలూ ఒకేసారి ఇవ్వకండి. ఒక 12×18 షీటులో ఆరు నిలువు పట్టీలు వేసి, ఒకే బొమ్మలోని ముఖ్య భాగాన్ని అలాగే ఒకటి, కొంచెం కొంచెంగా వెలుగు పెంచి మిగతావి పెట్టి, ప్రతిదాని కింద ఎంత పెంచారో అంకె రాసి ప్రింటు తీయించండి. పగటి వెలుగులో చూసి నచ్చిన అంకెను మిగతా బొమ్మలకూ వాడుకోండి. ల్యాబ్ మారిస్తే ఈ పట్టీ మళ్లీ తీయించాలి.

కూర్మనాథ_వీధి

తీసే చోట్ల గురించి రెండు మాటలు. శాలిహుండం బౌద్ధ స్తూపాల ఇటుక వలయాలు మీ సిరీస్‌కు బాగుంటాయి. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు, ఫోనుతో తీసుకోండి గానీ ట్రైపాడ్ వేయాలంటే ముందే అనుమతి అడగాలి. ఇటుకల మీద ఎక్కకూడదు. గుళ్ల దగ్గర లోపల కెమెరా తీయకండి.

సీతంపేట వైపు సవర గిరిజనుల గోడ బొమ్మలు కొలాజ్‌కి వాడుకోవాలనిపిస్తుంది చాలామందికి. అవి పూజ కోసం వేసేవి, అలంకారానికి వేసినవి కావు. ముక్కలుగా కోసి వాడటం సరికాదని గట్టిగా చెబుతాను. గీతలు వేసే పద్ధతి నేర్చుకోవాలంటే వేసేవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు ఒప్పుకుంటే నేర్చుకోండి.

పిల్లలు పాత క్యాలెండర్లు, పత్రికలు కోసి తెస్తారు. క్లాసులో అభ్యాసానికి ఫరవాలేదు. ప్రదర్శనకూ అమ్మకానికీ పెడితే కాపీరైట్ అడ్డొస్తుంది. మన చట్టంలో ఫోటోకైనా, చిత్రకారుడు వేసిన బొమ్మకైనా దాన్ని చేసినవాళ్లు పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. పిల్లల పని మీ ప్రదర్శనలో పెడితే వాళ్ల పేరుతోనే పెట్టండి, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి.

ప్రింటింగ్_విజయనగరం

ఫ్రేముల మాట మరిచాను. మన తీరంలో గాలి తడి, వానాకాలంలో ప్రింటు గాజుకు అంటుకుపోతుంది, తీస్తే పొర ఊడి వస్తుంది. ప్రింటుకూ గాజుకూ మధ్య కనీసం 2–3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా మౌంట్ బోర్డు కిటికీ కోయించండి. వెనక హార్డ్‌బోర్డు పెడితే చెద పట్టే అవకాశం ఉంది, సన్‌బోర్డు పెట్టి అంచుల్ని టేపుతో మూయండి. గోడకు ఆనే వైపు కింది రెండు మూలల్లో చిన్న రబ్బరు బొడిపెలు అంటిస్తే వెనక గాలి ఆడుతుంది. సన్‌బోర్డు మీద నేరుగా ప్రింటు అంటించే పద్ధతి చవక గానీ, తర్వాత ఎండకు బోర్డు వంగితే ప్రింటును విడదీయడం కుదరదు. ఈ సిరీస్‌కు వద్దు.